నిఘంటువు చెప్పని చరిత్ర

ఆంగ్లము నేర్చుకొను విద్యార్థి నోటుపుస్తకమున సాధారణముగా రెండు వరుసలుండును: ఎడమవైపు ఆంగ్లపదము, కుడివైపు తెలుగు అర్థము. ‘ఆస్ట్రసైజ్’ అనగా వెలివేయుట. ‘బాయ్‌కాట్’ అనగా బహిష్కరించుట, వెలివేయుట. రెండును ఒకే తానులోని ముక్కలవలె కనబడును. పరీక్షకు అంతమాత్రము చాలును. కాని అధికారమునకై జరిగిన పోరాటములలో పుట్టిన పదములు ఈ విధముగా పట్టువడవు. అట్టి పదము ఎదురైనప్పుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు: దీనిని ప్రయోగించినది ఎవరు? ఎవరిపై? ఎంతకాలమునకు?

క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున ఏథెన్సు పౌరులు, ఆ యేడు ఎవరినైనను నగరమునుండి వెడలింపవలెనా అని ఏటేట విచారించెడివారు. వలెనని తీర్మానించినచో, మరియొక దినమున ఒక్కొక్కడు కుండపెంకుపై ఒక పేరు గీసి వేసెడివాడు. ఆ పెంకునకు గ్రీకుభాషలో ‘ఓస్ట్రకోన్’ అని పేరు. 6,000 పెంకులు లేనిదే తీర్పు చెల్లదు. వెడలినవాడు 10 ఏండ్లు దూరముగా ఉండవలెను. అతని ఆస్తి మాత్రము పోదు. న్యాయవంతుడని పేరొందిన అరిస్టయిడిసు క్రీ.పూ. 482లో ఇట్లే వెడలెను. కొన్నేండ్లకు అతని ప్రత్యర్థి థెమిస్టోక్లిసుకును అదే గతి పట్టినది. థెమిస్టోక్లిసు పేరుగల 190 పెంకులు ఏథెన్సులోని ఒక పాడునూతిలో దొరకినవి. వానిపై కనబడు చేతివ్రాతలు 14 మాత్రమే! ఓటర్లకు పంచుటకై ఒక కక్షవారు ముందే వ్రాసి ఉంచిరని పండితుల ఊహ.

బాయ్‌కాట్ కథ వేరు. అది ఒక మనిషి పేరు. 1880లో ఐర్లండు దేశపు మేయో మండలమున కాప్టెన్ బాయ్‌కాట్ ఒక భూస్వామికి ఏజంటుగా ఉండెను. శిస్తు తగ్గింపుమని కోరిన రైతులను వెడలగొట్ట యత్నింపగా, కూలీలు పొలము విడిచిరి. దుకాణదారులు సరకులు అమ్మరైరి. అతని పంట కోయించుటకు 50 మంది బయటి మండలముల కూలీలును, వారి రక్షణకు వందలకొలది సైనికులును రావలసివచ్చిరి. ఏథెన్సులో ప్రజాసభ బలవంతుని వెడలించినది. ఇచ్చట దిక్కులేని రైతులు ఏ చట్టమును లేకయే ఆ పని చేసిరి. ఆ పదమే స్వదేశీ ఉద్యమకాలమున మన దేశమునకు వచ్చి, 1907లో బిపినచంద్రపాలు పర్యటనతో ఆంధ్రదేశమున మారుమ్రోగినది.

ఇక ‘డిక్టేటర్’. నేడిది నిందావాచకము. రోమునగరమున మొదట ఇది చట్టబద్ధమైన పదవి. ఆపద ముంచుకొనివచ్చినప్పుడు ఒక్కనికి సర్వాధికారము నిచ్చెడివారు; గడువు ఆరు నెలలు. క్రీ.పూ. 82లో సుల్లా గడువు లేకయే ఆ పదవి నందెను. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు యావజ్జీవ డిక్టేటరై, ఆ మార్చి 15న హతుడయ్యెను. పదము మారలేదు, గడువు మాత్రము జారిపోయినది. తెలుగువారికి ఇది సులభముగా బోధపడును. అంకుశము లేని ఏనుగును బట్టియే గదా ‘నిరంకుశుడు’ అను మాట ఏర్పడినది! రోమువారి అంకుశము ఆ ఆరు నెలలే.

‘వీటో’ అనగా లాటిను భాషలో ‘నిషేధించుచున్నాను’ అని. రోమున సామాన్యుల ప్రతినిధులు పెద్దల పెత్తనము నాపుటకు దానిని వాడిరి. 1789లో వెర్సేల్సులోని ఫ్రెంచిసభ, అట్టి అధికారము రాజునకే ఈయవచ్చునా యని వాదించినది. రాజు పక్షమువారు అధ్యక్షునికి కుడివైపున, ఎదిరించువారు ఎడమవైపున చేరిరి. నేటి ‘రైటు’, ‘లెఫ్టు’ అను పక్షనామములు ఆ కుర్చీల వరుసలనుండి వచ్చినవే. బలహీనుని డాలుగా పుట్టిన మాట బలవంతుని చేతికత్తి యగుటకు ఎన్నో శతాబ్దములు పట్టినది. నేడు ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో అది అయిదు రాజ్యముల చేతిలో నున్నది.

కావున విద్యార్థి తన నోటుపుస్తకమున మూడవ వరుస యొకటి గీసికొనుట మేలు. అందు ఊరును, ఏడును, గెలిచినవాని పేరును, ఓడినవాని పేరును వ్రాసికొనవలెను. అప్పుడు పదము మరపునకు రాదు. అంతకుమించి, రేపెవ్వడైనను ‘కొద్దికాలమునకే’ అని సర్వాధికారము నడిగినచో, ఆ మాటకు గడువెంత యని అడుగుట అతనికి తెలియును.