ఒకే షెడ్యూలులో రెండు జీవులు: కృష్ణజింక, క్రిమ్సన్ రోజ్

అనంతపురం పీఠభూమిలో సాలీనా సుమారు 550 మి.మీ. వర్షం కురుస్తుంది. వర్షాధార వేరుశనగ ఇక్కడి ప్రధాన పంట. ఈ పొలాలలో వన్యప్రాణి సంరక్షణను గురించి రైతులకు తెలియజేయడానికి చట్టంలోని జాబితా ఒక్కటే చాలదు. కృష్ణజింకను, క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుకను పోల్చి చూచినచో ఇది స్పష్టమవుతుంది.

వర్గీకరణ: ఈ రెండింటికీ లిన్నేయస్ 1758లోనే నామకరణం చేశాడు. కృష్ణజింక (ఆంటిలోప్ సెర్వికాప్రా) క్షీరదాలలో బోవిడే కుటుంబానికి చెందినది. పేరు జింకయే అయినా దుప్పి వలె దీని కొమ్ములు ఏటా రాలిపోవు. పశువులు, మేకలే దీనికి దగ్గరి బంధువులు. క్రిమ్సన్ రోజ్ (పాక్లియోప్టా హెక్టర్) కీటకాలలో లెపిడాప్టెరా క్రమానికి, పాపిలియోనిడే కుటుంబానికి చెందినది. వేరుశనగను నష్టపరచే ఎర్ర గొంగళి పురుగుదీ ఇదే క్రమం.

సంరక్షణ స్థాయి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణకు ముందున్న మొదటి షెడ్యూలులో ఈ రెండూ ఉన్నవి. ఆ షెడ్యూలులోని జంతువును పంట నష్టం కారణంగా వధించుటకు అనుమతి లభించదు. ఐయూసీఎన్ ఎరుపు జాబితా మాత్రం కృష్ణజింకను తక్కువ ఆందోళన గల తరగతిలో ఉంచింది. ఆ జాబితా ప్రపంచవ్యాప్త అంతరించే ప్రమాదాన్ని కొలుస్తుంది. చట్టం వేటను నిషేధిస్తుంది.

అసలు భేదం ఆహారంలో ఉన్నది. కృష్ణజింక పచ్చిక బయళ్లలో మేస్తుంది. అవి సాగులోకి వచ్చినచోట మందలు పైరుపై పడతాయి. వేట నిషేధం దానికి నేరుగా ఉపకరిస్తుంది, నష్టభారం మాత్రం రైతుపై పడుతుంది. క్రిమ్సన్ రోజ్ గొంగళి ఈశ్వరి, గాడిదగడపర వంటి అరిస్టోలోకియా మొక్కలనే తిని పెరుగుతుంది. ఆ మొక్కలను కలుపుగా భావించి పెరికివేసినా, కలుపు మందు చల్లినా, ఎవరూ వేటాడకుండానే ఆ సీతాకోకచిలుక కనుమరుగవుతుంది.

విస్తరణకు సూచనలు: కృష్ణజింకల విషయంలో మిగిలిన పచ్చిక బయళ్లను నిలుపుకొనడం, రైతులు కలిసి కంచె వేసుకొనడం మేలు. క్రిమ్సన్ రోజ్ కొరకు గట్లపై ఈశ్వరి జాతి మొక్కలను ఉంచవలెను. ఎర్ర గొంగళి పురుగు ఒంటినిండా దట్టమైన రోమాలుంటాయి. క్రిమ్సన్ రోజ్ గొంగళికి రోమాలకు బదులు ఎర్రని మెత్తని కండగల మొటిమలుంటాయి. ఈ తేడాను రైతులకు చూపినచో చీడపురుగును నివారిస్తూనే రక్షిత కీటకాన్ని కాపాడవచ్చును.