బిల్లుకెక్కని ఖర్చులు

మీకు తెలుసా? ఒకప్పుడు సరుకుల కొట్టులో అల్మారా మీద మనం చెయ్యి వేసే పనే లేదు. చీటీ ఇస్తే గుమాస్తా తెచ్చి పొట్లం కట్టేవాడు. 1916 సెప్టెంబరులో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ ‘పిగ్లీ విగ్లీ’ కొట్టు తెరిచి, బుట్ట మన చేతికే ఇచ్చాడు. గుమాస్తా పని మనకొచ్చింది, జీతమే రాలేదు!

కీరా దోసకాయ వంకరకూ నిబంధన ఉండేదని మీకు తెలుసా? యూరప్‌లో 1988 నాటి రూలు ప్రకారం మేలురకం కీరా 10 సెంటీమీటర్ల పొడవుకు 10 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు! 2009లో ఎత్తేశారు. వంకర కాయకూ అదే నీరు, అదే రైతు చెమట కదా!

అంతరిక్షం నుంచి తెల్లగా మెరిసే కూరగాయల తోటలు ఎక్కడున్నాయో మీకు తెలుసా? స్పెయిన్‌లోని అల్మేరియాలో. 30 వేల హెక్టార్లకు పైగా నేల ప్లాస్టిక్ కప్పుల కిందే! చలికాలంలో యూరప్ సూపర్ మార్కెట్లకు టమాటాలు, క్యాప్సికం ఇక్కడి నుంచే వెళ్తాయి. వాటిని కోసే వలస కూలీల్లో ఎందరో పాత చెక్కలు, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడిసెల్లో బతుకుతున్నారు. 2012లో దగ్గరి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం కడుపులో సుమారు 17 కిలోల ప్లాస్టిక్ దొరికింది. అందులో చాలా వరకు ఈ తోటల పట్టాలే! టమాటా రేటులో తిమింగలం లెక్క ఎక్కడుంది?

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. 2024లో అమెరికా దిగుమతి చేసుకున్న రొయ్యల్లో మూడో వంతుకు పైగా భారత్‌వేనని మీకు తెలుసా? మన దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే! గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య అమెరికా సూపర్ మార్కెట్ ఫ్రీజర్ అరలో చవగ్గా దొరుకుతుంది. ఆ చవక ఎవరి చేతుల మీదుగా వచ్చింది? పీలింగ్ షెడ్లలో తలలు తీసి, పెంకు ఒలిచే ఆడవాళ్ల చేతుల మీదుగా. అరకొర కూలి, అప్పుల ఊబి, చెరువుల నుంచి పక్క నేలకూ నీటికీ పాకే కాలుష్యం... ఇవన్నీ 2024లో ‘కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్’ అనే సంస్థ నివేదికకెక్కాయి. రేటు చీటీ మీద ఒక్క ముక్క లేదు!

ఫ్రీజర్ అంటే గుర్తొచ్చింది. సూపర్ మార్కెట్ ఫ్రీజర్లలో చాలాకాలంగా వాడుతూ వచ్చిన ఆర్-404ఏ వాయువు ఒక్క కిలో కారితే, దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి! అమెరికాలో సగటు సూపర్ మార్కెట్ ఏటా తన శీతల వాయువులో పావు వంతు గాలికొదిలేస్తోందని అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థే చెప్పింది. ఐస్‌క్రీమ్ చల్లన, భూమి వెచ్చన!

2022లో ప్రపంచం పారేసిన తిండి ఎంతో మీకు తెలుసా? 105 కోట్ల టన్నులు! దుకాణాల వాటా 12 శాతం, ఇళ్ల వాటా 60 శాతం. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని తెచ్చిన రెండోదాన్ని ఈ పూటే ఫ్రిజ్‌లో వెతకండి!

అమ్ముడుపోని మంచి తిండి మీద బ్లీచ్ పోసిన దుకాణాలూ ఉన్నాయని మీకు తెలుసా? ఫ్రాన్స్‌లో. ఏరుకుని తినేవాళ్లకు కూడా దక్కకుండా! 2016లో అక్కడ చట్టం వచ్చింది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్ ఏదైనా తినదగ్గ తిండిని పాడుచేయకూడదు, దానం చేసేందుకు సేవా సంస్థలతో ఒప్పందం కుదుర్చుకోవాలి. తిండిని కావాలని పాడుచేస్తే జరిమానా అప్పట్లో 3,750 యూరోలు. ఆ ఖర్చు మాత్రం తప్పకుండా లెక్కకెక్కుతుంది!