సెంబుంగాన్ బంగాళాదుంప సాగు: కొండవాలు బోదెలు, నేలకోత, విస్తరణకు పాఠాలు

ఇండోనేషియాలోని మధ్య జావా రాష్ట్రంలో, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున డియెంగ్ పీఠభూమి విస్తరించి ఉన్నది. ఈ పీఠభూమిలో, వొనొసోబో జిల్లాకు చెందిన సెంబుంగాన్ అనే చిన్న గ్రామం సుమారు 2,300 మీటర్ల ఎత్తున, చెబొంగ్ సరస్సు ఒడ్డున, ఏటవాలు కొండల నడుమ నెలకొన్నది. జావా ద్వీపంలో అత్యంత ఎత్తున ఉన్న గ్రామంగా దీనికి పేరున్నది. గ్రామస్థుల ప్రధాన జీవనాధారం బంగాళాదుంప. ఈ పంట వారికి మునుపెన్నడూ లేని ఆదాయాన్ని తెచ్చినది. అయితే అదే పంటను సాగుచేసే విధానం వలన కొండల పైమన్ను ఏటా వర్షపు నీటితో కొట్టుకొనిపోతున్నది. నేల కోసుకొనిపోవుట రైతులకు కంటికి కనిపించే విషయమే. అయినను సాగు పద్ధతి ఎందుకు మారలేదన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలింపదగినది.

ప్రాంత స్వరూపం

డియెంగ్ అగ్నిపర్వత ప్రాంతం. నేటికీ ఇక్కడ వేడి బురద గుంటలు, గంధకపు ఆవిర్లు వెలువడే బిలాలు ఉన్నవి. 'దేవతల నివాసం' అన్న అర్థంలో ఈ పేరు ఏర్పడినదని చెప్తారు. పీఠభూమిపై గల ప్రాచీన శివాలయాలను స్థానికులు అర్జున, భీమ, ఘటోత్కచ వంటి మహాభారత పాత్రల పేర్లతో పిలుస్తారు.

అగ్నిపర్వత బూడిద నుండి ఏర్పడిన ఇక్కడి నేలలు ఆండిసాల్ వర్గానికి చెందినవి. ఇవి నల్లగా, తేలికగా, గుల్లగా ఉండి, సేంద్రియ పదార్థాన్ని అధికంగా కలిగి ఉంటాయి. నీటిని త్వరగా ఇముడ్చుకొంటాయి. దుంప ఊరడానికి ఇంతకంటే అనువైన నేల అరుదు. కాని ఈ నేలలకు రెండు బలహీనతలు ఉన్నవి. మొదటిది, భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచి పైరుకు అందకుండా చేయుట. రెండవది, పదేపదే త్రవ్వుట వలన నేల కట్టు చెదిరినప్పుడు తేలికైన రేణువులు వాన నీటితో సులభంగా తరలిపోవుట.

వర్షాలు ప్రధానంగా అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు కురుస్తాయి. జూలై, ఆగస్టు మాసాల పొడి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే దిగువకు పడిపోయి పొలాలపై మంచు పేరుకొంటుంది. దీనిని స్థానికులు 'విషపు మంచు' అన్న అర్థమిచ్చే పేరుతో పిలుస్తారు. ఒక్క రాత్రిలో లేత బంగాళాదుంప పైరు మాడిపోవడమే ఈ పేరుకు కారణం.

బంగాళాదుంప విస్తరణ

పూర్వం ఈ కొండలపై మొక్కజొన్న, పొగాకు, కూరగాయలు పండించేవారు. 1980 దశకం నుండి బంగాళాదుంప వాణిజ్య పంటగా వేగంగా వ్యాపించినది. జర్మనీలో రూపొందిన గ్రానోలా రకం ఇక్కడి వాతావరణానికి అనుకూలించి ప్రధాన రకంగా స్థిరపడినది. నీటి వసతి గల పొలాలలో ఏడాదికి రెండు లేక మూడు పంటలు తీయసాగిరి. వేసవిలో సరస్సుల నుండి పంపులతో, గొట్టాల ద్వారా కొండపైకి నీరు ఎక్కించుకొంటారు. కోళ్ల ఎరువు లారీలలో పెద్ద ఎత్తున తెప్పించుకొంటారు.

1998లో సుహార్తో పాలన ముగిసిన తరువాత ఏర్పడిన అస్థిర పరిస్థితులలో జావా అడవులలో చెట్ల నరికివేత పెరిగినది. డియెంగ్ వాలులు కూడా దీనికి మినహాయింపు కాలేదు. చెట్లు పోయిన నిట్టనిలువు వాలులపైకి సైతం సాగు ప్రాకినది.

బోదెలు వాలు వెంబడి ఎందుకు?

కొండవాలులో బోదెలు వాలుకు అడ్డంగా, కాంటూరు వెంబడి ఉండవలెనన్నది నేల సంరక్షణలో మొదటి పాఠం. డియెంగ్ రైతులలో అత్యధికులు దీనికి విరుద్ధంగా, పై నుండి క్రిందికి వాలు వెంబడి బోదెలు వేస్తారు. దీనిని అజ్ఞానమని కొట్టివేయుట తేలిక. కాని రైతు దృష్టితో చూచినప్పుడు ఇందుకు బలమైన కారణాలు కనిపిస్తాయి.

మొదటి కారణం మురుగునీరు. అడ్డ బోదెల మధ్య నీరు నిలిచినచో దుంపలు కుళ్లుతాయి, బాక్టీరియా ఎండు తెగులు వ్యాపిస్తుంది. పొలంలో తేమ పెరిగిన కొద్దీ ఫైటోఫ్తోరా వలన వచ్చే ఆకుమాడు తెగులు ఉధృతమవుతుంది. కుండపోత వర్షాలు, నిత్యం క్రమ్ముకొనే పొగమంచు గల ప్రాంతంలో ఈ తెగులు కొద్ది రోజులలోనే పైరును తుడిచిపెట్టగలదు. నీరు వెంటనే జారిపోవుటే రైతుకు రక్షణ.

రెండవ కారణం, అడ్డ బోదె తెగే ప్రమాదం. సరిగా మట్టం చూడకుండా వేసిన అడ్డ బోదె ఒకచోట తెగినచో, దాని వెనుక నిలిచిన నీరంతా ఒకే ధారగా దిగి క్రింది బోదెలను కూడా తెంపుతుంది.

మూడవది పని సౌలభ్యం. నిటారు వాలులో పైకి ముఖం పెట్టి త్రవ్వుట, ఎరువు మోయుట, దుంప తీయుట వాలు వెంబడి బోదెలలోనే సులభం. నాల్గవది ఆర్థికం. కమతాలు చిన్నవి, విత్తన దుంపలకు, ఎరువులకు, మందులకు పెట్టుబడి ఎక్కువ. ఒక్క పంట పోయినచో అప్పు మిగులుతుంది. నేలకోత వలన కలిగే నష్టం ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తుంది. తెగులు వలన కలిగే నష్టం ఈ నెలలోనే వస్తుంది. రైతు దగ్గరి నష్టాన్ని ముందు నివారించుకొనుట సహజం. కొట్టుకొనిపోయిన సారాన్ని కోళ్ల ఎరువుతో పూడ్చుకొనే వీలున్నంత కాలం అసలు నష్టం లెక్కలోకి రాదు.

దిగువ ప్రాంతాలపై ప్రభావం

సెరాయు నది డియెంగ్‌లో పుట్టి, జావా దక్షిణ తీరాన హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. బంజార్నెగార జిల్లాలో ఈ నదిపై 1980 దశకం చివరలో పూర్తయిన మ్రిచా జలాశయం సుమారు 180 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి ఆధారం. ఎగువ పరీవాహక ప్రాంతం నుండి వచ్చే మన్ను ఈ జలాశయాన్ని ఆశించిన దానికంటే వేగంగా పూడ్చివేస్తున్నది. కొండపై రైతు కోల్పోయిన మన్నుకు మూల్యం మైదానంలోని విద్యుత్ కేంద్రం, ఆయకట్టు రైతులు కూడా చెల్లిస్తున్నారు.

ఎడతెగని ఒకే పంట వలన మరొక ముప్పు వచ్చినది. బంగాళాదుంపను ఆశించే పసుపు తిత్తి నులిపురుగు 2003లో తూర్పు జావాలో గుర్తింపబడినది. అనంతరం డియెంగ్ ప్రాంతంలోనూ కనిపించినది. దీని తిత్తులు నేలలో ఏళ్ల తరబడి సజీవంగా ఉంటాయి. కొట్టుకొనిపోయే మన్నుతో బాటు ఇవి కూడా క్రింది పొలాలకు చేరుతాయి. కావున నేల సంరక్షణ, సస్యరక్షణ ఇక్కడ వేర్వేరు విషయాలు కావు. మన దేశంలో నీలగిరులలో 1961లోనే ఈ తెగ నులిపురుగు బయటపడుట, దానిని తట్టుకొనే కుఫ్రి స్వర్ణ రకం తరువాత రూపొందుట విద్యార్థులకు తెలిసినదే.

విస్తరణకు పాఠాలు

మురుగునీటి సమస్యకు పరిష్కారం చూపకుండా కాంటూరు బోదెలను సిఫారసు చేసినచో రైతు స్వీకరింపడు. నేలను, పైరును రెంటినీ కాపాడే మధ్యేమార్గాలు ఉన్నవి. బోదెలను కాంటూరుకు కొద్దిపాటి వాలుతో ఏటవాలుగా వేసి నీటిని గడ్డి పెంచిన కాలువలోకి మళ్లించవచ్చును. వాలు వెంబడి సాగే పొడవైన బోదెలను కొద్ది మీటర్లకొకచోట అడ్డగట్టుతో ఖండించి నీటి వేగాన్ని తగ్గించవచ్చును. గట్లపై పశుగ్రాసపు గడ్డి పెంచవచ్చును. పొలం అడుగున మన్ను పట్టే గుంటలు త్రవ్వి, అందులో చేరిన మట్టిని తిరిగి పైకి చేర్చవచ్చును.

రెండవ మార్గం, నేలను కప్పి ఉంచే పంటలకు ఆదాయం కల్పించుట. డియెంగ్‌లో 'కారిక' అని పిలిచే కొండ బొప్పాయి బహువార్షికం. దీని పండ్లను చక్కెర పాకంలో ఊరవేసి సీసాలలో అమ్మే కుటీర పరిశ్రమ వొనొసోబోలో స్థిరపడినది. కొత్తిమీర కుటుంబానికి చెందిన 'పూర్వచెంగ్' అనే ఔషధ మొక్కకు కూడా ఈ కొండలు ప్రసిద్ధి. సెంబుంగాన్ సమీపంలోని సికునిర్ కొండపై సూర్యోదయం చూడవచ్చే యాత్రికులకు ఇండ్లలో బస కల్పించుట మరొక ఆదాయ మార్గమైనది. అయితే ఇవేవీ బంగాళాదుంపతో సమానంగా రాబడి ఇవ్వనంత వరకు దానికి తోడు మాత్రమే కాగలవు.

మూడవది బోధనా పద్ధతి. రైతు తన పొలంలోనే పరిశీలించి, పోల్చి, నిర్ణయించుకొనే 'పొలంబడి' విధానం 1989లో ఇండోనేషియా వరి పొలాలలోనే ఆరంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో అమలవుతున్న పొలంబడికి మూలం అదే. పురుగులను లెక్కించుటకు పుట్టిన ఈ పద్ధతిని నేలకోతను కొలుచుటకు కూడా వినియోగింపవచ్చును. ఒకే పొలంలో రెండు దిశలలో బోదెలు వేసి, రెండింటి అడుగున గుంటలలో చేరిన మన్నును, కుళ్లిన దుంపలను, చేతికి వచ్చిన దిగుబడిని రైతులే తూచి చూచినచో, వారి ఎదుట రెండు నష్టాలు ఒకే తక్కెడలో నిలుస్తాయి. రైతు ఆచరిస్తున్న పద్ధతికి గల కారణాన్ని ముందు తెలిసికొని, ఆ కారణానికి సమాధానం చెప్పగల సిఫారసే పొలంలో నిలుస్తుంది.