కొండదారిలో మూడు శిథిల సత్రాలు

కాశీయాత్రకు బయలుదేరిన మన పెద్దలు ముందుగా మజిలీలు లెక్కకట్టుకునేవారు. ఏ ఊరిలో సత్రం ఉన్నదీ, ఎక్కడ మంచినీరు దొరికేదీ తెలిసిన తరువాతనే మూట కట్టేవారు. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాగ్రంథంలో ఇటువంటి వివరాలనే మజిలీ మజిలీకీ రాసుకున్నారు. ఆ జాగ్రత్త నేటికీ తప్పనిసరి అయిన బాట ఒకటి స్పెయిన్ ఉత్తర పర్వతాలలో ఉన్నది.

యేసు శిష్యుడైన యాకోబు సమాధి సాంతియాగో నగరంలో ఉన్నదని క్రైస్తవుల విశ్వాసం. అక్కడికి చేరే పలు మార్గాలలో ఒవియేదో నుండి సాగే 'కామినో ప్రిమితివో' ప్రాచీనతమమని ప్రతీతి. తొమ్మిదవ శతాబ్దంలో రెండవ అల్ఫోన్సో రాజు ఈ దారినే నడిచి వెళ్లాడని సంప్రదాయం చెబుతుంది. నిడివి సుమారు 320 కిలోమీటర్లు. పదమూడు, పదునాలుగు మజిలీలుగా నడుస్తారు. ఆల్చిప్ప గుర్తులు, పసుపు బాణాలు దారి చూపుతాయి.

తొలి దినాలలో గ్రాదో, సాలస్, తినేయో పట్టణాలు వరుసగా వస్తాయి కనుక చింత లేదు. అయితే మధ్యాహ్నం రెండు నుండి ఐదు వరకు అంగళ్లు మూసివేయడం అక్కడి ఆచారం. చిన్న ఊళ్లలో ఆదివారం తలుపే తెరవరు. మీ నడకలో ఆదివారం ఎక్కడ పడుతుందో ఇంటివద్దనే చూసుకోండి.

అసలు పరీక్ష బొర్రెస్ గ్రామం దాటగానే ఎదురవుతుంది. దారి అక్కడ రెండుగా చీలుతుంది. పై దారిలో పారదియెల్ల, ఫోన్‌ఫరావోన్, వల్‌పరాయీసో అనే మూడు మధ్యయుగపు సత్రాల శిథిలాలున్నాయి. వాటిని 'హాస్పిటళ్లు' అంటారు. ఆనాటి వాడుకలో ఆ మాటకు యాత్రికుల ఆశ్రయమనే అర్థం. మంచులో, గాలిలో చిక్కిన బాటసారుల ప్రాణరక్షణ కోసమే అంత ఎత్తున వాటిని కట్టారు. నేడు అక్కడ రాతిగోడలే మిగిలాయి. బెర్దుసెదో చేరేవరకు దాదాపు 25 కిలోమీటర్లు, అందులో అధికభాగం ఇల్లూ లేదు, అంగడీ లేదు. రెండు లీటర్లకు తగ్గకుండా నీరు, ఒక పూట సద్ది, చలికి ఉన్ని వస్త్రం, వానకోటు వెంట ఉండవలసిందే.

పొగమంచు కమ్మితే ఆ ఎత్తున బాణం గుర్తులు కానరావు. ముందురోజు రాత్రే సత్రం నిర్వాహకులను వాతావరణం గురించి అడగండి. వద్దంటే పోలా దె అయాందె మీదుగా కింది దారి పట్టండి. రెండు దారులూ 1,146 మీటర్ల ఎత్తున ఉన్న పాలో కనుమవద్ద కలుస్తాయి. కింది దారిన వెళ్లినవారి యాత్రకు ఏ లోపమూ రాదు. ఈ మాట పట్టుదల గలవారి కోసమే ప్రత్యేకించి రాస్తున్నాను.

శాకాహారులకు మరొక జాగ్రత్త. అక్కడి చిక్కుడుగింజల పులుసులలో, పప్పులలో సైతం పందిమాంసం పడుతుంది. 'మాంసం వద్దు' అంటే చేప వడ్డించవచ్చు. కనుక మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పాలి. 'తోర్తీయా' అనే బంగాళదుంప వంటకంలోనూ గుడ్డు ఉంటుంది. రొట్టె, పండ్లు, బాదంపప్పు, సీసాలో ఉడికించిన శనగలు తినేయోలోనే కొనిపెట్టుకోవడం ఉత్తమం. మన ఇళ్లలోని అటుకులు, వేయించిన శనగపప్పు తేలికే కానీ, మూట బరువు దేహభారంలో పదోవంతు మించరాదని నడిచినవారి అనుభవం.

బెర్దుసెదో తరువాత సలీమె జలాశయానికి దిగే నిటారు వాలు మోకాళ్లను పీడిస్తుంది, చేతికర్రలు మరవకండి. అటుపై ఫోన్‌సగ్రాద, రోమన్ ప్రాకారాల లుగో నగరం దాటి మెలీదెలో జనసమ్మర్దమైన ప్రధాన మార్గం కలుస్తుంది. అక్కడినుండి అంగళ్లకు కొదువ లేదు, కొరత అంతా పడకలకే. గలీసియా ప్రభుత్వ సత్రాలలో ముందు వచ్చినవారికే చోటు. యాకోబు పండుగ అయిన జూలై 25 ఆదివారం నాడు వస్తే అది పవిత్ర సంవత్సరం. 2027 అటువంటిదే కనుక, ఆ ఏడు వెళ్లదలచినవారు మెలీదె తరువాతి మజిలీలకు ప్రైవేటు సత్రాలలో చోటు చాలా ముందుగా చూసుకోవాలి.