కంటికి కావలసిన వెలుతురు

మా ఇంటి సంగతితో మొదలుపెడుతున్నందుకు చదువరులు మన్నించాలి. మా మనుమరాలికి తొమ్మిదో యేట కళ్ళజోడు వచ్చింది. బడిలో బల్లమీది అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నాయన్నది. ఇక్కడే బరంపురంలో కంటి డాక్టరమ్మగారికి చూపిస్తే దూరపు చూపు తగ్గిందన్నారు. ఇంటికి రాగానే పంచాయితీ మొదలయింది. పడుకొని చదవడంవల్ల వచ్చిందని కోడలు, ఫోనువల్ల వచ్చిందని మా అబ్బాయి, మునగాకు ముట్టకపోవడంవల్ల వచ్చిందని మా ఇంటావిడ. నేను మాత్రం నోరు మెదపలేదు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న నా చెవిలోనే ఉన్నది.

"తాతగారూ, పాప రోజుకు ఎంతసేపు ఆరుబయట ఉంటుంది?"

లెక్క వేస్తే అరగంట తేలలేదు. బడికి ఆటోలో పోతుంది, ఆటోలో వస్తుంది, వచ్చాక ట్యూషను. మిగిలిన కాసేపటికీ వీధి తలుపు గడియ వేసేవాణ్ణి నేనే. వీధిలో బండ్లు పెరిగాయని ఒక సాకు. ఆడపిల్ల ఎండకు నల్లబడుతుందని ఇంకొక సాకు.

ఆరుబయట ఉంటే కంటికి వచ్చే లాభమేమిటి? గాలి, ఆట, దూరాన ఉన్న చెట్టును చూడడం. వీటిలో ఏదో మేలు చేస్తుందనుకున్నాను. ముఖ్యంగా మేలు చేసేది వెలుతురేనట. ఇది నమ్మడానికి నాకు కొంతకాలం పట్టింది.

వెలుతురుకూ కొలత ఉన్నది. ఒక కొవ్వొత్తికి మీటరు దూరాన పడే వెలుగు సుమారు ఒక లక్సు. నిండు పున్నమి వెన్నెల పావు లక్సు దరిదాపుల్లో ఉంటుంది. రాత్రి దీపాలు వేసిన మన ఇళ్ళలో నూరు మొదలు మూడు వందల దాకా ఉంటుంది. ఇక బయట? మబ్బు పట్టిన పగలు కూడా పదివేలు ఉండవచ్చు. నిండు ఎండలో లక్ష. పూర్వం ఫోటో స్టూడియోవాళ్ళు వెలుతురు కొలిచే మీటరు మెడలో వేసుకొని తిరిగేవారు. ఇప్పుడు ఆ కొలత ఫోనులోనే దొరుకుతున్నది. మా హాలులో మిట్టమధ్యాహ్నం దీపం వేసి చూస్తే 140 చూపింది. నాలుగడుగులు వేసి వీధి అరుగుమీద, నీడలోనే, పట్టి చూశాను. ఆరువేలు దాటింది! ఫోను లెక్క కంసాలి తూకం కాదు, నిజమే. కానీ నలభై రెట్ల తేడాలో ఫోను పొరపాటు ఎంత?

ఆ నలభై రెట్ల తేడా నా కంటికి తెలియనే లేదు. "కొంచెం వెలుతురుగా ఉంది" అనిపించిందంతే. అదే కంటి చమత్కారం. వెలుగు పెరిగితే కంటిపాప ముడుచుకుంటుంది, లోపలి తెర తన చురుకు తగ్గించుకుంటుంది, చీకటి పడితే రెండూ తిరగబడతాయి. అందుకనే పున్నమి వెన్నెలలోనూ మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ ఒకే కళ్ళతో తిరగగలుగుతున్నాము. అందుకనే ఇల్లు ఎంత చీకటో కూడా మనకు తెలియదు.

పుట్టిన బిడ్డ కనుగుడ్డు ముందునుంచి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దవారికి సుమారు 24. బొమ్మ సరిగ్గా తెరమీద పడేటట్టు కన్ను తన పొడుగును తానే దిద్దుకుంటూ పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో తెలియక ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగిందా, రెండున్నర మూడు నంబరు అద్దాలు తప్పవు. సాగిన కన్ను మళ్ళీ కుదించుకోదు. వైద్యులు హ్రస్వదృష్టి అనేది చాలామట్టుకు ఇదే.

ఈ సాగుడుకూ వెలుతురుకూ సంబంధమున్నదన్న అనుమానం బలపడింది 2008లో. ఆ యేడు సింగపూరులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ ఉన్న చైనా సంతతి పిల్లలను, ఆరేడేళ్ళవాళ్ళను, పోల్చిన ఒక పరిశీలన వెలువడింది. జాతి ఒకటే. కళ్ళజోడు పెట్టుకొనే తల్లిదండ్రులు రెండుచోట్లా ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉన్నారు. అయినా సింగపూరు పిల్లల్లో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి ఉండగా, సిడ్నీలో ముగ్గురికి మాత్రమే ఉన్నది. సిడ్నీవాళ్ళు చదవరేమో అందామా? వాళ్ళే ఎక్కువ పుస్తకాలు చదువుతున్నారని తేలింది! పెద్ద తేడా ఒక్కటే కనిపించింది. సిడ్నీ పిల్లలు వారానికి 13 గంటల పైచిలుకు ఆరుబయట గడుపుతుంటే, సింగపూరు పిల్లలు 3 గంటలు.

ఇది చదివినప్పుడు నాకు మా పాప గుర్తు వచ్చింది. దానికి పుస్తకాల పిచ్చి. "కళ్ళు పోతాయే" అని ఎన్నిసార్లు పుస్తకం లాక్కున్నానో! లాక్కోవలసింది పుస్తకం కాదు, గడియ.

బయట ఆటవల్ల కాదు, వెలుతురువల్లనే అని ఎలా చెప్పగలరు? 2009లో జర్మనీలో కోడిపిల్లల కళ్ళకు మసక మూతలు పెట్టి చూశారు. అలా పెడితే కన్ను సాగిపోతుంది. రోజూ కొన్ని గంటలు 15,000 లక్సుల దీపాలకింద ఉంచితే ఆ సాగడం చాలావరకు తగ్గింది. గూట్లోని కోడిపిల్ల క్రికెట్టు ఆడదు, కొండలు చూడదు. పెరిగింది వెలుగొక్కటే. వెలుగు తగిలితే కంటి తెరలో డోపమీన్ అనే పదార్థం ఊరుతుందనీ, పెరుగుదలకు పగ్గం వేసేది అదేననీ శాస్త్రజ్ఞులు తలుస్తున్నారు. దాని పనిని మందుతో అడ్డుకుంటే వెలుగు చేసే మేలు కూడా పోయింది.

పిల్లలమీద పెద్ద పరీక్ష చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో జరిగింది. 12 బడులలో సగంవాటిలో రోజుకు 40 నిమిషాల ఆరుబయటి తరగతి చేర్చారు. మూడేళ్ళలో మామూలు బడుల్లో నూటికి 39 మందికి పైగా కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, ఈ బడుల్లో 30 మందికి వచ్చింది. 2015లో ఈ ఫలితం అచ్చయింది. తైవాను ప్రభుత్వం 2010 నుంచే బడిపిల్లలకు రోజుకు రెండు గంటల ఆరుబయలు పెట్టించింది. అంతవరకు యేటేటా పెరుగుతున్న చూపు మాంద్యం 2012 నుంచి తగ్గుముఖం పట్టింది.

ఒక మాట దాచకూడదు. ఈ మేలు ముఖ్యంగా కళ్ళజోడు ఇంకా రానివాళ్ళకు. వచ్చినవాళ్ళకు నంబరు పెరగకుండా ఆపుతుందనడానికి ఆధారం బలహీనం. డాక్టరమ్మ కూడా అదే చెప్పారు. నేను తలుపు గడియ వేసిన సాయంకాలాలు తిరిగి రావు.

మా నాన్నగారు వీధి అరుగుమీద కూర్చుని పాఠాలు వల్లించేవారు. మండువా ఇళ్ళలో నడినెత్తినుంచే పగలు లోపలికి దిగేది. పెద్దలకు అంతా తెలుసునని గొప్పలు చెప్పబోవడం లేదు. ఆ రోజుల్లో కళ్ళు పరీక్ష చేయించుకున్నదెందరు? ఇంట్లో దీపం చాలక అరుగెక్కారు, అంతే.

మనుమడికి ఆరేళ్ళు. వాడికింకా కళ్ళజోడు లేదు. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని చెప్పాను. మండుటెండ అక్కరలేదు, చెట్టునీడలోనూ వేల లక్సులు ఉంటాయి. మా వైపు మార్గశిరమాసంలో అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది. బడినుంచి వచ్చాక మిగిలే వెలుతురు గంటే. అందుచేత ట్యూషను పొద్దు గుంకాక పెట్టమని కోడలితో అన్నాను.

"ఇన్నాళ్ళూ వద్దన్నది మీరే కదా, మావయ్యగారూ!" అన్నది.

అవునన్నాను. పొద్దున బడికి ముందొక ముప్పావుగంట, సాయంకాలం గంట, వాణ్ణి వీధిలో వదిలి నేను అరుగుమీద కూర్చుంటున్నాను. బండ్లను కాచుకునే పని నాది. పాప కళ్ళజోడు పెట్టుకొని నా పక్కన కథలపుస్తకం చదువుకుంటూ ఉంటుంది. వేసవి సెలవుల్లో ఇద్దరికీ మళ్ళీ పరీక్ష ఉన్నది.