4096 అరల్లో నలభై లక్షల కనెక్షన్లు

అక్టోబరు వచ్చిందంటే గంజాం, శ్రీకాకుళం తీరాల వాళ్ల చెవి వాతావరణ వార్తల మీదే ఉంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లకు పైనే వీచింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఇటు శ్రీకాకుళాన్నీ, అటు గంజాం, గజపతి జిల్లాలనూ అతలాకుతలం చేసింది. అలాంటి రాత్రి బరంపురంలో కరెంటు ఉన్నంతసేపూ అక్కడివాళ్లు ఫోన్లు వదలరు. కరెంటు పోయాక ఇంటి సంగతి తెలియక సూరత్ మరమగ్గాల దగ్గరున్నవాళ్లు, హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు అందుకుంటారు. అందరూ తెరిచేవి తుపాను ఎక్కడుందో చెప్పే రెండు మూడు పేజీలే. పేజీ ఒకసారి వస్తుంది, మరోసారి చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. "సర్వర్ డౌన్" అనేసి ఊరుకుంటాం.

కానీ సర్వర్లన్నీ నిక్షేపంగా ఉండి, వాటి ముందున్న యంత్రం ఒక్కటే ఆయాసపడుతూ ఉండవచ్చు. ఆ యంత్రం పేరు లోడ్ బ్యాలెన్సర్. పెద్ద సైటును ఒక్క సర్వరు మోయలేదు కాబట్టి పదో ఇరవయ్యో పెడతారు. బయటి ప్రపంచానికి మాత్రం ఒకే చిరునామా కనిపిస్తుంది. ఆ చిరునామాకు వచ్చిన ప్రతివాళ్లనూ లోపలున్న ఏదో ఒక సర్వరుకు అప్పజెప్పడమే దీని పని. లినక్స్‌లో ఈ పని చేసేది ఐపీవీఎస్. 1998లో చైనాలో వెన్‌సాంగ్ ఝాంగ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. తర్వాత లినక్స్ కెర్నెల్‌లోనే భాగమైంది. కుబెర్నెటిస్ అనే సర్వర్ల నిర్వహణ వ్యవస్థ వాడేవాళ్లలో కొందరి యంత్రాల్లో, వాళ్లకు పెద్దగా పట్టింపు లేకుండానే, ఇది నడుస్తూ ఉంటుంది.

అప్పజెప్పి ఊరుకుంటే చాలదు. ఎవరిని ఎటు పంపిందో గుర్తుంచుకోవాలి. మీ ఫోను పంపిన మొదటి ప్యాకెట్ మూడో సర్వరుకు వెళ్లిందనుకోండి, రెండోదీ పదోదీ కూడా అక్కడికే వెళ్లాలి. ఏడో సర్వరుకు వెళితే అది మిమ్మల్ని ఎరగదు, మాట అక్కడికక్కడ తెగిపోతుంది. అందుకే ఐపీవీఎస్ ప్రతి కనెక్షనుకూ తన పట్టికలో ఒక నమోదు రాసుకుంటుంది: వచ్చినవాళ్ల చిరునామా, పోర్టు, వాళ్లు అడిగిన చిరునామా, పంపిన సర్వరు, ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎంతసేపు ఉంచాలి. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ ఈ పట్టికలో వెతకాలి. సెకనుకు లక్షల ప్యాకెట్లు వచ్చే చోట ఈ వెతుకులాట ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిది.

వెతికే పద్ధతి ఇది. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రకు వెళ్లినవాళ్లకు ఆ జనం ఎలా ఉంటారో తెలుసు. అమ్మవారు దేశి బెహరా వీధిలోని తన పుట్టింటికి వచ్చే రోజులవి. అక్కడొకడు పది అరలతో చెప్పుల స్టాండు పెట్టాడనుకోండి. టోకెన్ చివరి అంకెను బట్టి జత ఏ అరలోకి వెళ్లాలో తేలిపోతుంది: 37వ టోకెన్ ఏడో అరలోకి, 50వది సున్నా అరలోకి. తీసేటప్పుడు పది అరలూ వెతకక్కర్లేదు, ఒక్కటి చూస్తే చాలు. ముప్పై జతలున్నప్పుడు అరకు మూడే. మూడు వేల జతలు వచ్చినా అతను "నిండిపోయింది" అని ఎవరినీ తిప్పి పంపడు, ఉన్న పది అరల్లోనే మూడేసి వందలు పోగుపెడతాడు. మీ జత కోసం ఆ పోగంతా తిరగేయాలి, అంతే. ఐపీవీఎస్‌లో అరను బకెట్ అంటారు, చివరి అంకె చూసే పనిని హ్యాష్ అంటారు. ఒకే బకెట్‌లో పడ్డ నమోదులు ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి.

ఆ బకెట్లు ఎన్ని అంటే, ఎవరూ మార్చకపోతే సాధారణంగా 4096. అంటే 2ను 12 సార్లు గుణిస్తే వచ్చేది. సెట్టింగులో రాసేది కూడా ఆ 12నే. ఐపీవీఎస్‌ఎడిఎం ఆదేశం కొడితే మొదటి వరుసలో, వెర్షను పక్కన, సైజ్=4096 అని కనిపిస్తుంది. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. 4096 కనెక్షన్లు దాటితే కొత్తవాళ్లను తిప్పి పంపేస్తుందేమో అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. మెమరీ ఉన్నంతవరకూ నమోదులు చేరుతూనే ఉంటాయి. 4096 చెప్పేది అరల సంఖ్య మాత్రమే.

ఈ పొరపాటుకు ఒక కారణం ఉంది. అదే లినక్స్‌లో కాన్‌ట్రాక్ అని ఇంకో పట్టిక ఉంది, ఫైర్‌వాల్ దాన్ని వాడుతుంది. దానికి బకెట్ల సంఖ్య వేరు, గరిష్ఠ పరిమితి వేరు. ఆ పరిమితి దాటితే కెర్నెల్ లాగ్‌లో టేబుల్ నిండిందనీ, ప్యాకెట్లు పారేస్తున్నాననీ మొహమాటం లేకుండా రాస్తుంది. అది చూసిన కళ్లతో ఐపీవీఎస్‌ను చూస్తే 4096 కూడా పరిమితిలాగే కనిపిస్తుంది. ఐపీవీఎస్ అలా అరిచి చెప్పదు. నెమ్మదిస్తుంది, అంతే. నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదం. లాగ్‌లో ఏమీ ఉండదు కాబట్టి తప్పు ఎక్కడుందో ఎవరికీ తోచదు.

ఎంత నెమ్మదిస్తుందో తెలియాలంటే ముందు పట్టికలో ఒకే సమయంలో ఎన్ని నమోదులు ఉంటాయో అంచనా వేయాలి. సూత్రం సులువు: సెకనుకు వచ్చే కొత్త కనెక్షన్లను, ఒక్కో నమోదు సగటున పట్టికలో ఉండే సెకన్లతో గుణించాలి. క్యూల గణితంలో దీన్ని లిటిల్ సూత్రం అంటారు, 1961లో జాన్ లిటిల్ దీన్ని రుజువు చేశారు. మొదటి అంకె అందరికీ తెలుస్తుంది. తప్పేది రెండో అంకె దగ్గర. పేజీ తెరవడానికి పది సెకన్లు పట్టింది కదా, నమోదు కూడా పది సెకన్లే ఉంటుందని అనుకుంటాం. కాదు. కనెక్షన్ సరిగా ముగిశాక కూడా, వెనకబడ్డ ప్యాకెట్ ఏదైనా వస్తుందేమోనని ఐపీవీఎస్ మామూలుగా ఇంకో 120 సెకన్లు ఆ నమోదును ఉంచుతుంది. అంటే పది సెకన్ల పనికి 130 సెకన్ల బస.

అసలు ముగింపే చెప్పకుండా పోయినవాళ్ల సంగతి ఇంకా ఘోరం. తుపాను రాత్రి సెల్ టవరు పడిపోతే ఫోను "సెలవు" చెప్పే ప్యాకెట్ పంపలేదు. అటువైపు మనిషి ఉన్నాడో లేడో ఐపీవీఎస్‌కు తెలియదు, మధ్యలో ఉన్న టీసీపీ కనెక్షనును అది 900 సెకన్లు, అంటే పావుగంట, నిలిపి ఉంచుతుంది. యాత్రలో ఇంకో దారిన వెళ్లిపోయినవాళ్ల చెప్పులు స్టాండులోనే ఉండిపోయినట్టు.

ఇప్పుడు ఒక ఊహ లెక్క. సెకనుకు 2,000 కొత్త కనెక్షన్లు వస్తున్నాయి, వాటిలో పదోవంతు మధ్యలో తెగిపోతున్నాయి అనుకుందాం. సవ్యంగా ముగిసే 1,800ని 130తో గుణిస్తే 2.34 లక్షలు. తెగిపోయిన 200ని 900తో గుణిస్తే 1.8 లక్షలు. మొత్తం 4.14 లక్షలు. వచ్చినవాళ్లలో పదోవంతు మందే పట్టికలో దాదాపు సగం చోటు ఆక్రమించారు. తుపాను వేళ పట్టిక ఉబ్బడానికి కొత్తవాళ్ల రద్దీ ఎంత కారణమో, తెగిన కనెక్షన్లూ అంతే కారణం.

4.14 లక్షలను 4096 అరలకు పంచితే ఒక్కో గొలుసులో సగటున 101 నమోదులు. ఇది చూసి కంగారు పడనక్కర్లేదు, ఇందులో ఒక మెలిక ఉంది. ఐపీవీఎస్ కొత్త నమోదును గొలుసు మొదట్లోనే తగిలిస్తుంది. ఇప్పుడు మాట్లాడుతున్న కనెక్షన్లన్నీ పది సెకన్ల వయసువే కాబట్టి ముందే దొరికేస్తాయి. పూర్తిగా నడవాల్సింది కొత్త కనెక్షనే: అది పట్టికలో లేదని తేల్చాలంటే గొలుసు చివరిదాకా వెళ్లి తీరాలి. ఒక్కో నమోదు మెమరీలో ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఒక్కోదాన్ని తెచ్చుకోవడానికి వంద నానోసెకన్లు అనుకుంటే 101 అడుగులకు పది మైక్రోసెకన్లు. సెకనుకు 2,000 సార్లు కాబట్టి మొత్తం 20 మిల్లీసెకన్లు, ఒక కోర్ సమయంలో రెండు శాతం. ఎవరి కంటికీ ఆనదు.

అదే రద్దీ పది రెట్లయితే చూడండి. సెకనుకు 20,000. పట్టికలో 41.4 లక్షలు. గొలుసు పొడవు 1,010. నడవాల్సిన దూరం పది రెట్లు, నడిచేవాళ్లు పది రెట్లు, వెరసి పని వంద రెట్లు. రెండు శాతం కాస్తా రెండు పూర్తి కోర్లు అయింది, అదీ కొత్తవాళ్లు పట్టికలో లేరని తేల్చడానికే. బతికి ఉన్న కనెక్షన్లు కూడా ఇప్పుడు ముందే దొరకవు, వాటి ముందు పదుల కొద్దీ కొత్తవి చేరిపోతుంటాయి. మామూలు రోజుల్లో పరీక్షించి "బాగానే ఉంది" అనుకున్న యంత్రం సరిగ్గా అవసరమైన రాత్రి కుదేలవడం వెనక ఉన్న గణితం ఇదే. దొంగ చిరునామాలతో దాడి చేసేవాళ్లకూ ఇది వరమే: వాళ్లు పంపే ప్రతి నకిలీ పలకరింపూ గొలుసంతా నడిపిస్తుంది, పైగా ఒక నిమిషం పాటు నమోదుగా మిగిలిపోతుంది.

అరలు పెంచితే ఈ బాధ తీరుతుంది. సెట్టింగులో రాసే ఆ 12ను, అంటే బిట్ల సంఖ్యను, 20కి మారిస్తే బకెట్లు 10.49 లక్షలు, గొలుసు సగటు నాలుగు. ఇంకా పోయి 22 పెడితే 41.9 లక్షలు, సగటు ఒకటి. చాలా ఏళ్లపాటు 20కి మించి పెట్టనిచ్చేవారు కాదు, 2023లో 64 బిట్ యంత్రాలకు ఆ పరిమితిని 27కు పెంచారు. నన్నడిగితే ఈ లెక్కకు 20 చాలు. నాలుగు అడుగులు వేయడానికి పట్టే సమయం ప్యాకెట్ మీద జరిగే మిగతా పనుల ముందు ఏపాటిది?

ఖర్చు విషయానికొస్తే, ఒక్కో బకెట్‌కు 8 బైట్లు, అంటే 20 బిట్లకు 8 ఎంబీ. నమోదులదే అసలు బరువు. కెర్నెల్ సెట్టింగుల వివరణలో ఒక్కోదానికి 128 బైట్లు అని రాసి ఉంటుంది, ఇప్పటి 64 బిట్ యంత్రాల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది. రెట్టింపు అనుకున్నా 41 లక్షలకు ఒక జీబీ చిల్లర. ఆ మెమరీ బకెట్లు తక్కువ పెట్టినా పట్టేదే, ఎక్కువ పెట్టినా పట్టేదే. కాబట్టి మెమరీ ఆదా కోసం బకెట్లు తగ్గించుకోవడంలో అర్థం లేదు. అలాగని 27 పెట్టేస్తే పదమూడు కోట్లకు పైగా బకెట్లు, ఒక జీబీ ఊరికే పోతుంది. పైగా పట్టిక మొత్తాన్ని తిరిగి చూసే పనులు కొన్ని ఉంటాయి, కనెక్షన్ల జాబితా అడిగితే ఖాళీ అరలన్నీ కూడా చూసుకుంటూ పోవాలి.

సగటు అంటే అందరికీ సమానమని కాదు. 4096 అరల్లో 4096 నమోదులు పడితే అరకొకటి చొప్పున కూర్చోవు, దాదాపు 1,500 అరలు ఖాళీగా ఉండి కొన్నింటిలో మూడు నాలుగు చేరతాయి. అది మామూలే. భయపడాల్సింది అన్నీ ఒకే అరలో పడితే. మొబైల్ కంపెనీలు వేల ఫోన్లను ఒకే చిరునామా వెనక దాచి బయటికి పంపుతాయి. హ్యాష్ చిరునామాను మాత్రమే చూస్తే బరంపురం ఫోన్లలో సగం ఒకే అరలో గుమిగూడేవి. ఐపీవీఎస్ చిరునామాతో పాటు పోర్టునూ కలిపి చూస్తుంది కాబట్టి అవి చెల్లాచెదురవుతాయి. వీటికి తోడు ఐపీవీఎస్ మొదలైనప్పుడు ఎంచుకున్న ఒక రహస్య సంఖ్యను కూడా కలుపుతుంది. అందువల్ల ఏ చిరునామా ఏ అరలో పడుతుందో బయటివాళ్లు ముందే లెక్క వేసుకుని దాడి చేయలేరు.

గడువులు తగ్గించడం ఇంకో దారి. 900ని 300 చేస్తే మొదటి లెక్కలో తెగిపోయినవాళ్ల వాటా 1.8 లక్షల నుంచి 60 వేలకు దిగుతుంది. వాతావరణ పేజీకి ఇది హాయిగా సరిపోతుంది. కానీ అదే యంత్రం వెనక డేటాబేసో, చాలాసేపు మౌనంగా ఉండి మళ్లీ మాట్లాడే ఇంకేదో ఉంటే, ఆరో నిమిషంలో వచ్చిన ప్యాకెట్‌ను ఐపీవీఎస్ గుర్తుపట్టదు. అది కొత్త పలకరింపు కాదు, పాత నమోదూ లేదు, కనెక్షన్ తెగిపోతుంది. వెనక ఏం నడుస్తోందో తెలిసినవాళ్లే గడువుల జోలికి వెళ్లాలి. బకెట్లు పెంచడంలో ఆ చిక్కు లేదు.

ఒక్క షరతు. చాలాకాలంగా వాడుకలో ఉన్న కెర్నెళ్లలో ఈ బకెట్ల అంకెను నడుస్తుండగా మార్చలేం. ఐపీవీఎస్ మాడ్యూల్ ఎక్కేటప్పుడు కాన్‌ట్యాబ్‌బిట్స్ అనే పారామీటరుగా ఇవ్వాలి, కెర్నెల్‌లోనే కలిసి ఉంటే బూట్ వరుసలో చేర్చాలి. మాడ్యూల్ దింపితే ఉన్న కనెక్షన్లన్నీ పోతాయి కాబట్టి తుపాను కళింగపట్నం దాకా వచ్చాక చేసే పని కాదు, సెప్టెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున చేయాలి. తిరిగి ఎక్కించాక ఐపీవీఎస్‌ఎడిఎం మొదటి వరుస చూడండి, సైజ్=1048576 అని ఉండాలి. ఇంకా 4096 అనే చూపిస్తే కాన్ఫిగ్ ఫైలు చదవకముందే ఇంకేదో సర్వీసు మాడ్యూల్‌ను ఎక్కించేసిందని అనుమానించాలి. ఆ యంత్రంలోనే ఫైర్‌వాల్ కూడా ఉంటే, పనిలో పనిగా కాన్‌ట్రాక్ పరిమితీ చూసుకోవాలి. అది నిండితే ఐపీవీఎస్‌కు ఎన్ని అరలున్నా ప్యాకెట్ అక్కడిదాకా రాదు.