బొమ్మలో ఏకాంతం



పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకీ వెళ్ళిపోయాక మధ్యాహ్నం ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్ని ప్రకృతి దృశ్యాల చిత్రాలు సరిగ్గా అలాగే ఉంటాయి. వాటిలో ఏడ్చే మనిషెవరూ ఉండరు. మరి ఆ దిగులు ఎక్కణ్ణించి వస్తుందంటారు?

మా ఖాజాగూడ గుట్టనే తీసుకుందాం. ఎవరో పేర్చిపెట్టినట్టున్న ఆ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. భూమిలోపల చల్లారి, పగుళ్ళువారి, వానకీ ఎండకీ మూలలు అరిగి అలా నిలిచాయి. వట్టి బండలే గీశారనుకోండి, చిత్రం గంభీరంగా ఉంటుంది, అంతే. రాయికేం తెలుసమ్మా ఒంటరితనం! వాటి మొదట్లో వేలిగోరంత మనిషిని అటు తిప్పి నిలబెట్టండి. ముఖం కనబడదు గనక ఆ చోట మనమే నిలబడతాం.

హైదరాబాదు బండల్ని చిత్రించిన కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. చైనా, జపాన్ కుంచెపనిని స్వయంగా చూసివచ్చిన గురువాయన. ఆ పద్ధతిలో రంగు తాకకుండా వదిలేసిన కాగితం కూడా బొమ్మే. అదే పొగమంచు, అదే ఆకాశం.

వదిలెయ్యడంలో జర్మనీ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ మరీ గట్టివాడు. 1808–10 మధ్య ఆయన వేసిన ‘సముద్రతీరాన సన్యాసి’ అయిదున్నర అడుగుల వెడల్పుంటుంది. అందులో చాలాభాగం ఆకాశమే. కింద నల్లని సముద్రం, గట్టుమీద చిన్న సన్యాసి. మొదట సముద్రంలో ఓడలు కూడా గీసి, తరవాత తీసేశాడని పరీక్షల్లో తేలింది. ఎందుకు తీశాడో నాకనిపించేది చెబుతాను. ఓడ ఉంటే ఎవరో వస్తారనే ఆశ ఉంటుంది. గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నట్టన్నమాట. ఓడ పోయాక ఎదురుచూడ్డానికేం మిగలలేదు.

దిగులుకి బూడిదరంగే వెయ్యాలనే మాట నేనొప్పుకోను. మే నెల మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళకిందికి చేరిపోయిన ఖాజాగూడ బండల్ని చూడండి, తెల్లటి ఎండ ఎంత దిగులుగా ఉంటుందో!

మన భాషలో ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు కదా. బొమ్మలో ఆ తేడా ఒక్క కాలిబాటతో తేవచ్చు. ఆ మనిషి నడిచొచ్చిన దారి సన్నగా కనిపించిందా, కావాలని వచ్చాడు, పొద్దుగూకితే ఇంటికి వెడతాడు. దారి లేదా, చిక్కుపడిపోయాడు. మొన్న నేను వేసిన దాంట్లో బాటకి చోటు మిగల్లేదు. మనిషిని చెరిపి, కాస్త ముందుకి జరిపి వేశాను.